తేమ మీటరు ముల్లును ఎంతవరకు నమ్మాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో కుండీ మొక్కల చిట్కా ఒకటి వేశారు. ‘తేమ మీటరు గుచ్చండి, ముల్లు ఎరుపులో ఉంటే నీళ్లు పోయండి, పచ్చలో ఉంటే ఆగండి’ అని రెండు వాక్యాల్లో తేల్చేశారు. మీటరు వాడమనడం మంచిమాటే. తిరుపతి ఎండకు భయపడి మిద్దె మీద రోజూ రెండు పూటలా పైపు పట్టి, వేళ్లు కుళ్లించి, ‘ఎంత నీళ్లు పోసినా బతకలేదు’ అనుకునే ఇళ్లు తక్కువేమీ కాదు. అయితే ఆ ముల్లు దేనికి కదులుతుందో చెప్పకుండా రంగులు మాత్రమే చెబితే, కొన్నవాళ్లు నెల తిరిగేలోపు మీటరును మూల పడేస్తారు, లేకపోతే దాన్ని నమ్మి మొక్కను ఎండగడతారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం. చోటు చాలకపోతే చివర కత్తిరించండి, ఉప్పు సంగతి, తూకం సంగతి మాత్రం ఉంచండి.

మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే మీటరులో బ్యాటరీ ఉండదు. రెండు కడ్డీల రకమైతే ఒక కడ్డీ రాగి జాతి లోహం, రెండోది జింకో అల్యూమినియమో. ఒంటి కడ్డీ రకంలో మొన ఒక లోహం, పైన గొట్టం మరో లోహం, రెండింటికీ మధ్య చిన్న ప్లాస్టిక్ రింగు. వేర్వేరు లోహాలు తడిమట్టిలో దిగితే సన్నటి కరెంటు పుడుతుంది. బడిపిల్లలు నిమ్మకాయకు మేకు, రాగితీగ గుచ్చి చేసే ప్రయోగమే ఇది. ఆ కరెంటే ముల్లును తోస్తుంది. తడి పెరిగితే కరెంటు పెరుగుతుంది. మట్టిలో ఉప్పు పెరిగినా పెరుగుతుంది, మట్టి కడ్డీకి గట్టిగా అంటుకున్నా పెరుగుతుంది. ఏది పెరగడం వల్ల తను కదిలిందో ముల్లుకు తెలియదు. 1 నుంచి 10 దాకా వేసిన అంకెలు శాతాలు కూడా కావు. 5 చూపిందంటే మట్టిలో సగం నీళ్లున్నాయని అర్థం చేసుకోకూడదు.

నమ్మకం కుదరకపోతే మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు, మూడోదాంట్లో ఆర్‌ఓ నీళ్లలో చిటికెడు ఉప్పు. మూడింట్లోనూ ఉన్నది నీళ్లే కదా, ముల్లు ఒకేచోట నిలవాలి. నిలవదు. ఆర్‌ఓ గ్లాసులో బాగా కింద ఆగుతుంది, బోరు నీళ్లలో పైకి పోతుంది, ఉప్పు కలిపిన గ్లాసులో చివరకంటా కొట్టుకుంటుంది. ప్రతిసారీ కడ్డీ తుడిచి ముంచండి, ఒకే లోతు ముంచండి. కొత్త మీటరు పని చేస్తోందో లేదో చూసుకోవడానికి కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది.

ఈ ఉప్పు సంగతి మన ఊళ్లో తీసిపారేసేది కాదు. కళ్యాణి డ్యాం నీళ్లో తెలుగుగంగ నీళ్లో వచ్చిన రోజు అవి, రాని రోజు బోరువి, ఎండాకాలంలో ట్యాంకరువి. ఇలా ఒకే కుండీకి మూడు రకాల నీళ్లు పడే ఇళ్లున్నాయి. చిత్తూరు వైపు లోతు బోర్ల మీదే నడిచే ఇళ్లలో కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది చూడండి, నీరు ఆవిరైపోయి లవణం మిగిలిందన్నమాట. దీనికి తోడు ఆర్‌ఓ మిషను బయటకు వదిలే నీళ్లు వృథా పోకూడదని బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తారు. వృథా చేయకూడదన్నది సరే, కానీ ఆ నీళ్లలో లవణాలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ ఉంటాయి. పోయాలంటే అంతకు సమానంగా మంచినీళ్లు కలిపి పోయాలి, అదీ రోజూ ఒకే కుండీకి కాదు. ఉప్పు గుళికలు వేసి నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం ఉన్న ఇళ్లలో ఆ నీళ్లు మొక్కలకు అసలే వద్దు, వాటిలో సోడియం చేరుతుంది.

ఇలాంటి కుండీలో మీటరు గుచ్చితే ముల్లు 7, 8 దగ్గర కూర్చుంటుంది. ఆకుల కొనలు మాత్రం మాడి గోధుమరంగుకు తిరుగుతుంటాయి, మొక్క వాడిపోయి ఉంటుంది. మట్టిలో లవణం ఎక్కువైతే నీరున్నా వేరు దాన్ని లాగలేదు. చూసేవాళ్లు ‘తడి ఎక్కువైంది’ అనుకుని నీళ్లు ఆపేస్తారు. ఆపేకొద్దీ మిగిలిన తడిలో లవణం ఇంకా చిక్కబడుతుంది. మొక్క పోయేది ఇక్కడే. దీనికి మందు కడగడం. కుండీ పరిమాణానికి రెండింతలు మంచినీళ్లు రెండు మూడు విడతలుగా నింపాదిగా పోసి అడుగు రంధ్రం నుంచి పారనివ్వాలి. 12 అంగుళాల కుండీలో దాదాపు 15 లీటర్ల మట్టి పడుతుంది, అంటే 30 లీటర్లు. మే నెలలో అన్ని నీళ్లు ఎక్కడివని అడగొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య వానలకు కుండీలను ఆరుబయట పెడితే ఆ పని ఉచితంగా అయిపోతుంది, వాననీటిలో లవణం ఉండదు కాబట్టి. కడిగిన తర్వాత అదే కుండీలో అదే తడికి ముల్లు కింద ఆగితే, ముందు చూపిన అంకెలో ఉప్పు వాటా ఎంతో మీకే తెలుస్తుంది. యూరియా, డీఏపీ లాంటి ఎరువులు వేసిన వారంలో, జీవామృతం (ఆవుపేడ, మూత్రం కలిపి పులియబెట్టిన ద్రవ ఎరువు) పోసిన రెండు మూడు రోజుల్లో కూడా అంకెను లెక్కలోకి తీసుకోకండి.

మట్టి అంటుకోవడం సంగతి. ఆ పెట్టెల మీద వేసే రంగులు మామూలు తోటమట్టిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. మన మిద్దెల మీద ఇప్పుడు ఉన్నది కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), కాస్త ఎర్రమట్టి కలిపిన గుల్ల మిశ్రమం. అందులో గాలి సందులు ఎక్కువ, కడ్డీకి తగిలే మట్టి తక్కువ, కాబట్టి తడి ఉన్నా ముల్లు తక్కువ చూపుతుంది. అదే కోకోపీట్‌ను కడగకుండా వాడితే దాని సహజమైన ఉప్పు వల్ల ఎక్కువ చూపుతుంది. ఆర్కిడ్‌ల కోసం బొగ్గు, చెట్టుబెరడు ముక్కలు వేసిన కుండీలో మీటరు అసలు పనికిరాదు, గుచ్చడం దండగ.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలది ఇంకో తంటా. వాటి వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కోకోపీట్ కుండీలో దించితే నెలల తరబడి వేళ్లు ఆ ముద్ద దాటి రావు. పోసిన నీళ్లు చుట్టూ ఉన్న గుల్లలోంచి జారిపోతాయి, ముద్ద ఎండి ఇటుకలా అవుతుంది. అంచున గుచ్చితే మీటరు 6 అంటుంది, మొక్క వాడుతుంటుంది. ఇలాంటి మొక్కకు కాండానికి రెండు అంగుళాల దూరంలో, ముద్దలోకి గుచ్చి చూడాలి. మార్చేముందే ముద్దను బకెట్‌ నీళ్లలో నానబెట్టి, బయటి పొరను చేతివేళ్లతో మెల్లగా విడదీసి, కొత్త మిశ్రమంలో కూడా మూడో వంతు మట్టి ఉండేట్టు చూస్తే ఈ బాధ ఉండదు.

గుచ్చే పద్ధతి. పొద్దున నీళ్లు పోయకముందు, రోజూ ఒకే వేళకు చూడండి. మిట్టమధ్యాహ్నం కాలిన కుండీలో చూసిన అంకెకూ పొద్దుటి అంకెకూ పోలిక పెట్టకూడదు. కాండానికీ అంచుకూ సరిగ్గా మధ్యలో, కుండీ లోతులో మూడింట రెండు వంతుల దాకా దించాలి. 12 అంగుళాల కుండీకి 8 అంగుళాలన్నమాట. పైన రెండు అంగుళాలు ఎండలో గంటలో ఆరిపోతాయి, అవి లెక్కకు రావు. అడుగు అంగుళం, రెండంగుళాలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, అదీ లెక్కకు రాదు. నీరు కారిపోవాలని అడుగున గులకరాళ్లు పరిచేవాళ్లు ఒకటి గమనించాలి. సన్నటి మట్టిలోని నీరు రాళ్ల పొర దగ్గరికొచ్చి ఆగిపోతుంది, అది పూర్తిగా నిండితే తప్ప రాళ్లలోకి దిగదు. అంటే తడి పొర ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. రంధ్రం మీద ఒక పెంకు చాలు.

కడ్డీ దించాక ఒక నిమిషం ఆగి అంకె చూడండి. మూడు చోట్ల చూసి మధ్యస్థంగా ఉన్నది తీసుకోండి. నిన్నటి రంధ్రంలోనే ఇవాళ గుచ్చితే చుట్టూ గాలి ఉంటుంది, ఎండిందని చూపుతుంది. రాయి తగిలితే బలవంతంగా నొక్కవద్దు, కడ్డీ వంగుతుంది, పైపూత గీసుకుపోతుంది. మన ఎర్ర గరప మట్టిలో రాళ్లు మామూలే కాబట్టి ముందు సైకిల్ చువ్వతో దారి చూసుకోండి, కడ్డీకన్నా సన్నగా ఉండాలి. ఒంటి కడ్డీ రకం మొన దగ్గర మాత్రమే చదువుతుంది. దాన్ని రెండేసి అంగుళాలు దించుతూ ఆగి చూస్తే ఏ లోతున ఎంత తడి ఉందో తెలుస్తుంది. వెలుతురు, పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణం) కూడా చూపే మూడు పనుల మీటరులో మీట తేమ వైపు ఉందో లేదో ముందు చూడండి, చాలామంది ‘ముల్లు కదలడం లేదు’ అనేది అందుకే. ఆ పీహెచ్ అంకెను మాత్రం పట్టించుకోకండి. అదే కరెంటును ఇంకో గీతల మీద చూపడం తప్ప అందులో విశేషం లేదు.

ఇక అసలు మాటకొస్తాం. పెట్టె మీది రంగులు పక్కనపెట్టి, మీ కుండీకి మీ అంకె మీరే కట్టుకోవాలి. దానికి సాక్షి తూకం. లగేజీ తూచే వేలాడే త్రాసు ఒకటి కొనండి, లేదా చిన్న కుండీలైతే వంటింటి త్రాసు చాలు. ఒక సాయంత్రం కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోయండి. రాత్రంతా వదిలేసి పొద్దున తూచండి. 14 కిలోలు వచ్చిందనుకుందాం. అప్పుడే మూడు చోట్ల మీటరు గుచ్చి అంకె రాసుకోండి. ఆ తర్వాత నీళ్లు పోయకుండా రోజూ పొద్దున తూకం, అంకె, ఆకు తీరు మూడూ పలక మీదో గోడ మీదో రాయండి. ఒకరోజు పొద్దున, ఎండ తగలకముందే, లేత ఆకుల మెరుపు తగ్గి కాస్త వాలినట్టు కనిపిస్తాయి. ఆ పూట తూకం 11.5 కిలోలు అనుకోండి. అంటే ఆ కుండీలో మొక్క వాడుకోగలిగిన నీరు 2.5 కిలోలు, అనగా రెండున్నర లీటర్లు. అది మొత్తం అయిపోయేదాకా ఆగకూడదు, నూటికి అరవై వంతులు ఖర్చయ్యాక పోయాలి. లీటరున్నర పోయిందంటే తూకం 12.5 ఉంటుంది. 12.5 ఉన్న రోజున మీటరు ఎంత చూపిందో చూడండి. 3 కావచ్చు, 5 కావచ్చు. అదే ఆ కుండీకి నీళ్లు పోసే అంకె. లీటరున్నర పోసి, అడుగున కారేందుకు ఇంకో పావు లీటరు అదనంగా పోస్తే లెక్క సరిపోతుంది.

ఒకే మిశ్రమం, ఒకే సైజు కుండీలు పది ఉంటే ఒక్కదాన్ని తూస్తే చాలు, మిగతా తొమ్మిదింటికి మీటరు నడుస్తుంది. మట్టికుండీకి ఒకటి, ప్లాస్టిక్ కుండీకి ఒకటి, గ్రో బ్యాగుకు ఒకటి విడిగా చేసుకోండి. మట్టికుండీ పక్కల నుంచి కూడా ఆరుతుంది కాబట్టి రోజులు తేడా వస్తాయి. మిశ్రమం మారిస్తే, లేదా ఆరునెలలు గడిస్తే మళ్లీ చేయాలి, కోకోపీట్ కుళ్లి సన్నబడేకొద్దీ నీటిని పట్టే గుణం మారుతుంది.

వేరుశనగ విత్తే రైతు గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కి పదును చూస్తాడు. ముద్ద కట్టి, వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలితే పదును సరిపోయినట్టు. కుండీలో ఎనిమిది అంగుళాల లోతు మట్టి తవ్వి తీయలేం కాబట్టే మీటరు కావాల్సి వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు సన్నటి వెదురుపుల్ల దించి పది నిమిషాలు ఉంచి లాగి చూడండి. నల్లబడి మట్టి అంటుకుని వస్తే తడి ఉన్నట్టే, మీటరు ఏం చెప్పినా సరే.

మొక్కను బట్టి కూడా అంకె మారుతుంది. కలబంద, ఎడారి గులాబీ, పాముమొక్క లాంటివి లోతున కూడా ఎండేదాకా ఆగాలి, మామూలు మట్టిలో 1, 2 దాకా దిగినా నష్టం లేదు. మందార, గులాబీ, కరివేపాకుకు పైన చెప్పిన అరవై వంతుల లెక్క సరిపోతుంది. పుదీనా, ఫెర్న్, చేమ జాతివి అంతదాకా ఆగవు, నూటికి నలభై వంతులు తగ్గగానే పోయాలి. మల్లెకు మాత్రం ఏడాదంతా ఒకే అంకె వద్దు. కొమ్మలు కత్తిరించే ముందు కొన్నాళ్లు నీళ్లు తగ్గించి బెట్ట చూపిస్తారు, కత్తిరించి ఎరువు వేశాక మళ్లీ మొదలుపెడతారు. బెట్ట రోజుల్లో ముల్లు ఎరుపులో ఉందని కంగారుపడి పోస్తే చిగురే తప్ప మొగ్గ రాదు. తులసి సంగతి ఇంకోరకం. రోజూ స్నానం కాగానే చెంబుడు నీళ్లు కోటలో పోయడం మన ఇళ్లలో ఆచారం, వానాకాలంలోనూ మానరు. ఆచారం మానమని మేమనం. రోజూ ఉద్ధరిణితో మూడుసార్లు సమర్పిస్తే ఆచారమూ నడుస్తుంది, వేరూ కుళ్లదు. చెంబు నీళ్లు మీటరు చెప్పిన రోజున పోయొచ్చు.

ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి మొక్క తలవాల్చిందని పైపు పట్టుకోవద్దు. కత్తెర ఎండల్లో ఆకు వదిలే నీరు వేరు లాగేదానికన్నా ఎక్కువైపోతుంది, తడి మట్టిలో కూడా వాలిపోతుంది. సాయంత్రానికి లేచి నిలబడితే దానికి కావాల్సింది నీడ, యాభై శాతం షేడ్‌నెట్, కుండీ కింద రెండు ఇటుకలు. పొద్దునకు కూడా లేవకపోతే అప్పుడు మీటరు గుచ్చండి. అంకె కిందుంటే దాహం. పైనుంటే ఒకటి వేరుకుళ్లు, లేదా ముందు చెప్పిన ఉప్పు. వేరుకుళ్లయితే మట్టి పుల్లటి కంపు కొడుతుంది, వేరు లాగితే పైతోలు ఊడి దారం మిగులుతుంది. మరీ ఎండిపోయిన కుండీలో మిశ్రమం కుదించుకుపోయి అంచున సందు పడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచే కారి, ‘బాగా తడిసింది’ అనిపిస్తాయి. ముల్లు మాత్రం లేవదు. అలాంటి కుండీని టబ్బు నీళ్లలో బుడగలు ఆగేదాకా, అరగంట ముంచి తీయాలి.

నవంబరు ముసురులో ముల్లు రోజుల తరబడి 8, 9 దగ్గరే ఉంటుంది. అప్పుడు చూడాల్సింది మీటరు కాదు, అడుగు రంధ్రం. కింద ప్లేట్లు తీసేసి, కుండీలను ఇటుకల మీదికి ఎక్కించి, రంధ్రంలో పుల్ల ఆడించి చూడండి. నీరు నిలిచి ఉరకెత్తిన కుండీని ఒక పక్కకు వాల్చి పెడితే ఇంకొంత నీరు దిగుతుంది.

డ్రిప్ పెట్టినవాళ్లు డ్రిప్పరు కిందే గుచ్చి చూస్తారు, అక్కడ ఎప్పుడూ తడే. నాలుగు అంగుళాలు పక్కకు జరిగి, ఎదురు అంచున కూడా ఒకసారి చూడాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు పావుగంటలో లీటరు ఇస్తుంది, 2 లీటర్లదైతే అరగంట. రెండు అంచులకూ తేడా 3 అంకెలు దాటితే నీటి వేళ పెంచకండి, ఒక్క డ్రిప్పరు స్థానంలో రెండు చిన్నవి పెట్టండి.

మీటరును కుండీలో గుచ్చి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. కరెంటు పుడుతున్నంతసేపూ ఒక లోహం అరుగుతూనే ఉంటుంది, కడ్డీ మీద తుప్పులాంటి పొర కడుతుంది, ముల్లు నెమ్మదిగా కిందికి దిగుతుంది. మట్టి ఆరిందని మీరు నీళ్లు పోస్తారు. చూసిన వెంటనే తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఇంట్లో పెట్టండి. నెలకోసారి సన్నటి ఉప్పుకాగితంతో (శాండ్‌పేపర్) రుద్ది మెరిపించండి. రుద్దేముందు, రుద్దాక ఒకే గ్లాసు నీళ్లలో ముంచి చూస్తే ఎంత తేడా వచ్చిందో కనిపిస్తుంది.

కుర్రకారు కొందరు ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో నీళ్ల మోటారు తనంతట తనే ఆన్ అయ్యేట్టు చేస్తున్నారు. దానికి రెండు కాళ్ల ఫోర్కులాంటి సెన్సరు వాడితే కరెంటు ఎప్పుడూ పారుతూ ఆ కాళ్లను కొద్దివారాల్లో తినేస్తుంది. కెపాసిటివ్ రకం మేలు. నీటికి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత ఛార్జి పట్టి ఉంచగలదో చెప్పే అంకె) దాదాపు 80, ఎండు మట్టికి 3 నుంచి 5, ఆ తేడాను అది పట్టుకుంటుంది, ఉప్పు ప్రభావం తక్కువ. బోర్డు అంచుల్లోంచి నీరు పీల్చకుండా గోళ్లరంగు రెండు పూతలు వేయాలి, బోర్డు మీద వేసిన గీత దాటి మట్టిలోకి దించకూడదు. గాలిలో ఒక విలువ, నీళ్లలో ఒక విలువ రాసుకుని, ఆ తర్వాత పైన చెప్పిన తూకం పద్ధతిలోనే మోటారు ఆన్ అయ్యే విలువ కట్టాలి. దీనికీ తూకం తప్పదు.

మీ పేజీలో మళ్లీ ఇలాంటి చిట్కా వేసేటప్పుడు అంకెతో పాటు ఏ మిశ్రమం, ఎన్ని అంగుళాల కుండీ, ఎంత లోతున చూసినది అనే మూడు ముక్కలు కూడా వేయమని కోరుతున్నాం. మొక్కలమ్మే నర్సరీలు కవరు మీద ‘మట్టి ఎంత, కోకోపీట్ ఎంత’ అని ఒక గీత రాసిస్తే కొనేవాళ్లకు సగం పని తగ్గుతుంది.

ఇట్లు,
కొందరు మిద్దెతోట సాగుదారులు,
తిరుపతి